తిన్నింటి వాసాలు

మిట్టమధ్యాహ్నానికీ పొద్దు పొడవని ఊళ్ళో
ఆమె టార్చిలైటు పట్టుకుని చేపల్ని లెక్కపెడుతోంది.
డిసెంబరు ముప్ఫై. నార్వే ఉత్తరపు కొస.
ఉప్పుచేపల గోదాములో
పెట్టెమీద పెట్టె, పెట్టెమీద పెట్టె,
ఊపిరి వదిలితే అదీ వెళ్ళి
వరుసలో నిలబడేట్టుంది.

ఆమె పేరు ఈడున్.
యజమాని హాల్వార్ మర్యాదస్తుడు,
వేడివేడి సూపు చేయించానన్నాడు.
"వద్దండీ, ఫ్లాస్కులో టీ ఉంది."
ఎవరి ఉప్పూ తినకూడదనే నియమం
ఆమె వృత్తిలో మొదటి పాఠం.
కానీ ఇక్కడ గాలే ఉప్పగా ఉంది,
పెదవి తడుపుకుంటే చాలు.

నాలుగొందల పన్నెండో పెట్టె దగ్గర
వేళ్ళు కొంకర్లు పోయి పెన్సిలు జారింది.
తీసుకోడానికి వంగి, ఎందుకో,
పెట్టె అడుగుపలక మీద చిన్న కొక్కెం గీసింది.
లెక్క సరిపోయింది.
పద్దుకీ సరుక్కీ వెంట్రుకవాసి తేడా లేదు.

రాత్రి, బస చేసిన గది కిటికీలోంచి
వంతెన మీద ఒక లారీ. దాని వెనకే ఇంకోటి.
ఇంత మంచులో ఎవరికింత తొందర
అనుకుంటూనే నిద్రపోయింది.

తెల్లారిందని గడియారం మాత్రమే చెప్పిన చీకట్లో
సముద్రపు పాయ అవతల, రెండో గోదాము.
పెట్టెమీద పెట్టె.
లెక్క మళ్ళీ సరిపోయింది.
ఈసారి పెన్సిలు జారలేదు, కావాలనే వంగింది.

అడుగుపలక మీద నిన్నటి కొక్కెం
ఆమె వంకే చూస్తోంది.

గోదాము కాపలా ఆస్లాక్ టోపీ తీసి చేత్తో నలిపాడు.
"బ్యాంకు చేపలడిగింది, సముద్రం ఇవ్వలేదు.
ఎనభై కుటుంబాలు మేడమ్. ఈ ఒక్క ఏడే."
ఆ ఎనభైలో నీదెన్నోదని ఆమె అడగలేదు.
తలెత్తి పైకప్పు చూసింది, చాలాసేపు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని లోకం తిడుతుంది.
ఆమెకది జీతమిచ్చే పని.
జీతమిచ్చేదీ ఆ ఇల్లే.
పుచ్చిన వాసం సంగతి చెప్పాల్సింది మాత్రం
ఆ కప్పుని నమ్మి పెన్షను దాచుకున్న
ముక్కూమొహం తెలియని ఎవరికో.

మార్చిలో, పొద్దు తిరిగొచ్చాక,
"మా అభిప్రాయంలో" అని రాసి ఆగింది.
రేవులో నీటికాకులు మునిగి లేస్తున్నాయి,
వాటి లెక్కలు వాటివి.
మిగతా వాక్యం పూర్తిచేసి సంతకం పెట్టింది.

తర్వాత ఇంకో కాగితం తీసింది, తన ఫీజు బిల్లు.
రెండు రోజులు, రెండు గోదాములు,
ఒకే సరుకు.
చివరి ముక్క కొట్టేసి
హాల్వార్ చిరునామా
ఒక్క అక్షరం పోకుండా రాసింది.