సున్నా చిరునామా

ఫిషింగ్ హార్బరు, ఐసు ఫ్యాక్టరీ మీది గది.
రాత్రి రెండు దాటింది.
కింద మంచు దిమ్మలు పగులుతున్న చప్పుడు.
డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపం
తిరిగి తిరిగి నా కీబోర్డు దాకా వచ్చి పోతోంది.

బోటు ఇంజన్ల మేస్త్రీ పరదేశి
తడి చేతులు లుంగీకి తుడుచుకుని
చేపల లోతు చెప్పే పెట్టె వైరు గుచ్చాడు.
"దొరికిందా బావూ?"

దొరికింది. అంటే
ఒక తీగ మీద మూడు ఓల్టులు లేచి నిలబడ్డాయి, అంతే.
కెర్నెల్ తలెత్తింది గానీ వెంటనే నమ్మలేదు.
సెకనులో పదో వంతు ఊరికే చూసింది,
పిన్ను ఇంకా వణుకుతోందేమో
తడి చెయ్యి ఇంకా జారుతుందేమో అని.
అంత ఓపిక నేనెవరి మీదా చూపించిన గుర్తు లేదు.

నేను రాసిన మొదటి కోడు ఇలా ఉండేది కాదు.
క్షణక్షణం ప్రతి తలుపూ తట్టి
ఉన్నావా, ఉన్నావా అని తిరిగేది,
బ్యాటరీ సగం కాళ్లరిగించుకుని.
ఆ మాట చెబితే పరదేశి నవ్వాడు.
"మా ఆడోళ్లు అలా కాసుకోని కూకోరు బావూ.
తొంగుంటారు. మన బోటు సప్పుడు ఇనపడితే
ఆళ్లే లెగుస్తారు."

వచ్చినవాడికి ముందు సున్నా చిరునామా.
పేరు లేనివాళ్లు కాసేపు నిలబడే చోటు,
ఒకసారికి ఒక్కడికే జాగా.
తర్వాత ఒక అంకె ఇచ్చి, ఏడు,
అడిగింది: ఎవరు నువ్వు? ఎవరు చేశారు నిన్ను?
పద్దెనిమిది బైట్లలో జవాబు.
తెలిసిన డ్రైవర్లందరినీ లేపింది,
మీవాడేనా, మీవాడేనా.
ఒక్కడూ చెయ్యెత్తలేదు.

"కనబడ్డాడు గానీ ఎవరో తెలీదంటోంది" అన్నాను.

పరదేశి కిటికీ వైపు చూశాడు.
"నాకు ముందు ఇద్దరు పోయారు బావూ, పురిట్లోనే.
నన్ను సాటలో ఎట్టి గుమ్మం బయట ఒగ్గీసి
పక్కింటామె ఎత్తుకుంటే
గుప్పెడు నూకలిచ్చి కొనుక్కుందంట మా యమ్మ.
మనోడు కాడు, పరదేశి అంటే
సావు పోల్చుకోలేదని."

పట్టికలో ఒక వరుస చేర్చాను.
చేసినవాడి అంకె, వస్తువు అంకె, కామా.
కంపైలయ్యేసరికి టీ చల్లారింది.
"పీకి మళ్లీ గుచ్చు."

ఓల్టులు లేచాయి. ఆగింది. సున్నా. ఈసారి ఎనిమిది.
ఒక డ్రైవరు చెయ్యెత్తాడు.
బల్ల మీదున్న పెట్టె
సముద్రం సున్నా మీటర్ల లోతని చెప్పింది.

పరదేశి దాన్ని చంకనెత్తుకుని మెట్లు దిగాడు.
ఏడు మాత్రం
ఆ రాత్రి మరెవరికీ ఇవ్వలేదు కెర్నెల్.