రెఫరీ లేని పట్టు

డూగల్ మెక్‌ఫేల్ మెదడులోంచి బఠానీ గింజంత ముక్క
డ్రై ఐస్ పెట్టెలో నా దగ్గరికి వచ్చింది,
పేరు లేకుండా, ఒక నంబరుతో.
పేరు తర్వాత తెలిసింది. ఆయన భార్యే వచ్చి చెప్పింది.

గ్లాస్గోలో నవంబరు. నాలుగింటికే చీకటి.
మోరాగ్ గోవన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.
తడిసిన కోటు విప్పకుండానే కూర్చుంది.
"చూపించు," అంది.
"నలభై మూడు పందేల్లో ఆయన్ని ఎవడూ పడగొట్టలేదు.
ఇదెవరో చూడాలి."

ఎక్కడ మొదలుపెట్టను?
ముందు మంచి రోజుల సంగతి చెప్పాను.
నరం లోపల సన్నటి గొట్టాలుంటాయి, సరుకు నడిచే దారులు.
వాటిని ఆనుకుని టావు ఉంటుంది.
ఉంటుంది అనడం కూడా తప్పే.
తాకుతుంది, వదులుతుంది, ఇంకోచోట తాకుతుంది,
రెప్పపాటు సేపు కూడా ఒకచోట నిలవదు.
నాలుగు వందల నలభై ఒక్క పూసల దండ,
మెడలో పడని దండ,
దానికంటూ ఒక ఆకారం లేదు.
బొమ్మ తీయబోతే పొగను బొమ్మ తీసినట్టే.

ఆమె నవ్వింది.
"డూగల్ కాళ్లు," అంది.
"పేపర్లో ఎప్పుడూ నడుం దాకానే పడేవాడు.
కింద అంతా మసక."

తర్వాత సంగతి చెప్పడం కష్టం.
దెబ్బ మీద దెబ్బ పడ్డ మెదడులో, ముడతల అడుగున,
చిన్న రక్తనాళం పక్కన
టావు మీద ఫాస్ఫేట్లు ముసురుకుంటాయి.
గొట్టం చేతికి అందదు. జారిపోతుంది.
పట్టుకోవడానికి ఏదీ దొరకనిది
చివరికి తనలాంటి దాన్నే పట్టుకుంటుంది.

"క్లించ్," అంది మోరాగ్.
ఒంట్లో సత్తువ అయిపోయిన ఇద్దరు
ఒకరి మీద ఒకరు వాలిపోవడం.
దూరం నుంచి చూసేవాళ్లకి కౌగిలింతే.
రెఫరీ మధ్యలో చెయ్యి పెట్టి విడదీస్తాడు.

ఇక్కడ రెఫరీ లేడు.

తెర మీద బొమ్మ పెట్టాను.
దండలో డెబ్బై అయిదు పూసలు మడతపడి కొడవలిలా వంగాయి,
దాని వీపుకి వీపు ఆనించి ఇంకో కొడవలి.
అదే మడత కింద అదే మడత, దాని కింద అదే,
వేల మెట్లు, ఒక్కటీ తప్పకుండా.
మిగిలిన పూసలు మాత్రం అంచుల్లో ఇంకా ఊగుతున్నాయి,
పాత అలవాటు కొద్దీ.

జబ్బంటే చెదిరిపోవడం అనుకుంటాం.
కుదురుగా ఉండమని పిల్లల్ని కసురుతాం.
టావుకి కుదురు వచ్చింది.
ఆ ఇంట్లో మనిషికి పోయింది.

ఆఖరి రెండేళ్లూ వంటింట్లో నిలబడి
కెటిల్ పిడి పట్టుకునేవాడట.
నీళ్లు పొయ్యడు, పొయ్యి మీద పెట్టడు, వదలడు.
"ఒక్కొక్క వేలూ విడదీసేదాన్ని," అంది.
"చిటికెన వేలితో మొదలుపెట్టి."
కాసేపాగి,
"నేనే రెఫరీని."

కొడవలి వంపులో ఒక చిన్న ఖాళీ ఉంది.
ఖాళీ అనుకున్నాం. అందులో ఏదో ఉంది.
టావు కాదు. ఏమిటో మాకు తెలియదు.
ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది.
"ఇదేంటి?"
తెలియదన్నాను.
"ఇది వచ్చాక దాని చుట్టూ మడత పడిందా,
మడత పడ్డాక ఇది వచ్చి కూర్చుందా?"
పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
అదీ తెలియదన్నాను.

కోపం వస్తుందేమోనని చూశాను.
"పోన్లే," అంది, "డాక్టర్లందరికీ అన్నీ తెలుసు.
తెలియదన్నవాళ్లని ఇవాళే చూశా."

వెళ్లేముందు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి
ఉతికి చుట్టిన గుడ్డ పట్టీ తీసింది.
గ్లవ్స్ కింద పిడికిళ్లకు కట్టుకునేది.
బల్ల మీద విప్పింది. విప్పుతూనే పోయింది.
కీబోర్డు దాటి, నా టీ కప్పు దాటి,
అంచు మీంచి నేల దాకా జారింది,
నాలుగు మీటర్లు, బొత్తిగా ఏ ఆకారమూ లేకుండా.

"ఇలా ఉండేదన్నమాట," అంది.

మళ్లీ చుట్టుకోలేదు. బస్సు వేళయింది.
నాకూ చుట్టబుద్ధి కాలేదు.
రాత్రి మెషీన్ చల్లబడే దాకా
అది అలాగే వేలాడుతూ ఉంది,
హీటర్ గాలికి కొస కాస్త కదులుతూ.