ఏ పద్దు కింద

గుణుపురం ఫైర్ స్టేషన్‌లో
నాది నీళ్ళ పని కాదు, లెక్కల పని.
బండి బయల్దేరితే డీజిలు రాస్తాను,
తిరిగొస్తే కిలోమీటర్లు రాస్తాను.
మధ్యలో ఏం కాలిందో రాసే గడి
నా పుస్తకంలో చాలా సన్నం.

మాకున్నది ఒక బండి.
దానికున్న ఊళ్ళు మూడొందల పైమాటే.
వంశధారకి ఇవతల కొన్ని, అవతల కొన్ని,
కొండ మీద కొన్ని. వాటికి బాట ఉంది గానీ
బండికి సరిపడే బాట కాదు.
ఇప్పపూలు రాలే రోజుల్లో
చెట్టు కింద ఆకు తగలబెడతారు, పువ్వు కనబడాలని.
గాలి ఆ సంగతి ఇంకోలా అర్థం చేసుకుంటుంది.

తవిటయ్యది ఇరవై రెండేళ్ళ సర్వీసు.
శిక్షణకి ఒక్కసారే వెళ్ళాడు,
భువనేశ్వర్, రాత్రంతా రైలు.
ఆ పదిహేను రోజుల్లో గొట్టం పట్టేవాడు లేక
బొండిగూడలో పదకొండిళ్ళు.
తెచ్చుకున్న సర్టిఫికెట్ గోడకి ఇప్పటికీ ఉంది.
అతను దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.

పాఠమే మన దగ్గరకి రావాలి, అన్నాడు
కొత్తగా వచ్చిన ఆఫీసరు హాడిబంధు.
తెర కావాలి, పెట్టె కావాలి,
మేడ మీద సిగ్నలు పట్టే గొడుగు కావాలి.
కటక్‌కి కాగితం రాశాం.
ఆరు నెలలకి జవాబు:
ఏ పద్దు కింద?
గొట్టాలకి పద్దు ఉంది. బూట్లకి ఉంది.
మనిషి పోతే ఇచ్చేదానికీ ఉంది.

జీడిపిక్కల షావుకారు ముప్పై వేలు ఇచ్చాడు.
పోయినేడు ఆయన గోడౌను దగ్గరకి
మేం చేరేసరికి బూడిద చల్లారిపోయింది.
డబ్బిస్తూ ఆ మాట ఎత్తలేదు.
ఎత్తకపోవడమే గుచ్చుకుంది.
పొదుపు సంఘం ఆడవాళ్ళు వడ్డీలోంచి
నాలుగు వేల రెండొందల పదిహేడు,
చిల్లరతో సహా, రసీదు అడిగి మరీ.
మిగతాది నలుగురు సర్పంచులు
ఒకరి మొహం ఒకరు చూసుకుని, చూసుకుని, వేశారు.

మొదటి పాఠం ఆదివారం.
కిటికీకి దుప్పటి కట్టాం.
తెర మీద సస్మిత మేడమ్, ఒడియాలో.
తవిటయ్య ఆ ఒడియాని తెలుగక్షరాల్లో రాసుకుంటాడు.
లింబో సబర పెదాల కింద సవరలో చెప్పుకుంటాడు.
నేను కరెంటు మీటరు చూస్తుంటాను.
తాడుకి ముడి వేస్తూ వేస్తూ
ఆమె ఆగిపోయింది.
రెండు చేతులు, సగం ముడి, గాల్లో.
ఏడుగురం గాలం వేసినవాళ్ళలా
కదలకుండా కూర్చున్నాం.
తవిటయ్యే లేచి తన తాడుతో
మిగతా సగం వేసేశాడు.
సిగ్నలొచ్చాక చూస్తే ఆమెదీ అదే ముడి.
ఆ రోజు టీ ఖర్చు ఎవరూ నన్ను రాయనివ్వలేదు.

ఆరో పాఠం గ్యాస్ సిలిండరు.
అదీ సగంలో పోయింది.
పన్నెండు రోజులకి, బస్టాండు పక్కన ఇడ్లీ బండి.
సిలిండరు మూతి దగ్గర మంట
సన్నగా ఈల వేస్తోంది.
తడిపిన గోనె పట్టుకుని లింబో వంగి వెళ్ళాడు,
పాఠం వచ్చినంత దూరం.
అక్కణ్ణుంచి తనకి తోచినట్టు.
ఈల ఆగింది.
ఇడ్లీలావిడ రోడ్డు మీదే కూలబడి
తిరగబడ్డ పిండి గిన్నెని ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు, చేతికి కట్టుతో, నా బల్ల దగ్గర:
"ఆ మిగతా సగం పెట్టు బాబూ.
నేను చేసింది ఒప్పో తప్పో చూసుకోవాల."
స్టేషను డేటా అయిపోయింది. నా ఫోనులో పెట్టాను.
మేడమ్ గోనె అంచుని వెనక్కి మడిచి
వేళ్ళు ఆ మడతలో దాచుకుంది,
ఇవతల్నుంచి అవతలికి పరిచింది.
"మడత," అన్నాడు లింబో.
వెనక్కి పెట్టమన్నాడు. మళ్ళీ. మళ్ళీ.
నాలుగోసారి భుజమ్మీది తువ్వాలు తీసి,
వేళ్ళు దాచుకుని,
నా లెక్కల పుస్తకం మీద కప్పి చూశాడు.

అతను వెళ్ళాక తువ్వాలు తొలగించి
రీచార్జి నూట నలభై తొమ్మిది అని రాసుకున్నాను.
పద్దు గడి దగ్గర కలం ఆగింది.
కటక్ వాళ్ళు అడుగుతారు.
బయట బండి కడుగుతున్నారు,
నీళ్ళు గుమ్మం దాటి నా కాళ్ళ దాకా వచ్చాయి.
గొట్టాలు, అని రాశాను.