చీకటి రీడింగు

పర్లాకిమిడిలో కరెంటు ఎప్పుడు పోతుందో
హాట్‌ప్లేటుకి ముందే తెలుసు.
మూడువందల తొంభై దగ్గర ముల్లు వణికిందంటే
స్ప్రే ఆపేసి, ఊపిరి బిగబట్టి చూస్తాను.

జింక్ ఎసిటేట్ వేడి గాజుని తాకగానే
ల్యాబంతా మూడోరోజు తరవాణి వాసన.
లిపికా గమాంగ్ ముక్కుకి చున్నీ కట్టుకుని
సవరలో లెక్కపెడుతుంది, పొరకి పది సెకన్లు.
నాకు ఆ అంకెలు రావు.
ఆమె గొంతు ఆగినచోట నా చెయ్యి ఆగుతుంది.

మా నాన్న కొమ్ము పనివాడు.
దున్నపోతు కొమ్ముని సెగకి పట్టి, మెత్తబడ్డాక
కొంగ మెడ వంచేవాడు.
వెలుతురుకెత్తి చూసి, లోపల మచ్చ కనబడితే
"ఇది పనికిరాదురా కూర్మా" అని పొయ్యి పక్కన పడేసేవాడు.
మేం పిల్లలమంతా ఆ పనికిరాని కొంగలతోనే ఆడుకున్నాం.

అందుకే మేడమ్ బోర్డు మీద గీసి చెప్పినరోజు
బీకరు కడగడం ఆపేశాను.

జింకు ఒకటి, ఆక్సిజన్ ఒకటి, వరసగా.
వేడికి ఎక్కడో ఒక ఆక్సిజన్ లేచిపోతుంది,
రేషను లైనులో చెప్పులు వదిలి
ఎండకి ఆగలేక పోయినవాడిలా.
ఆ చెప్పుల జత రెండు ఎలక్ట్రాన్లు.
మనిషి తిరిగి రాడు. అవే నడవడం మొదలెడతాయి.
చెప్పులు నడవడమేటి మేడమ్, అన్నాను.
అదే కరెంటు, అంది.

మరీ ఎక్కువమంది పోతే మాత్రం
ఖాళీలు గోతులవుతాయి.
ఎండ కష్టపడి లేపిన ఎలక్ట్రాన్
తీగదాకా రాకుండా అందులో పడి
ఎవరికీ చెప్పకుండా చల్లారిపోతుంది.
ఎంత లోటు ఉండాలి?
మూడేళ్ళుగా నేను గాజుపలకలు కడిగేది ఆ ఒక్క మాటకే.

నిన్న నలభై ఒకటో పలక.
అంచున ఊదా, నడుమ ఆకుపచ్చ, మూలన ఒక గీత.
నాన్నైతే పొయ్యి పక్కన పడేసేవాడే.
దీపం కింద పెడితే రీడింగు ఎగబాకింది.
దీపం ఆర్పి, నల్లగుడ్డ కప్పి
తీగలు మాత్రం బయటికి లాగి సొరుగుకి తాళం వేశాను.

గంటకోసారి చూడమంది మేడమ్.
ఎనిమిదికి చూశాను. తొమ్మిదికి.
మహేంద్రతనయ వంతెన మీద ఆఖరి బస్సు పోయాక కూడా.
అంకె దిగుతోంది, దిగనంత నెమ్మదిగా.
పలకకి ఇంకా ఎవరో దీపం పట్టుకునే ఉన్నారు.

పొద్దున లిపిక మీటరు చూసి
"కూర్మన్నా, దీపం ఆర్పడం మర్చిపోయావా?" అంది.
లేదమ్మా, తాళంచెవి నా మొలతాడుకే ఉంది.
సొరుగు తెరిచాం. గుడ్డ ఎత్తడానికి
ఇద్దరికీ చెయ్యి రాలేదు కాసేపు.

చీకటి రీడింగు అన్న గడిలో అంకె వెయ్యలేదు.
"ఇంకా చీకటి పడలేదు" అని రాశాను, తెలుగులోనే.
మేడమ్ అడిగితే
లిపిక ఒడియాలో చదివి చెబుతుంది.