తల్లికి ఉందా?

దాని పేరు తేగ.
పొడుగ్గా, సన్నగా, కాల్చిన తేగ రంగులో ఉండేది కనక.
డాక్స్‌హండ్ అని టీకాల కార్డులో ఉంది గానీ
మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు.

స్నానం చేయిస్తుంటే తగిలింది.
కుడివైపు, వెనక నుంచి రెండో చన్ను కింద
బఠాణీ గింజంత.
సబ్బు నురగలో వేలు ఆగిపోయింది.
ఈ గింజ నా వేలికి తెలుసు.
పందొమ్మిదేళ్ల కిందట
అమ్మ జాకెట్టు హుక్కులు పెడుతుంటే తగిలి,
"సెగ్గడ్డే, ఊరుకో" అంటే
ఊరుకున్న వేలు.

ఆసిల్‌మెట్టలో డాక్టర్ ఝాన్సీరత్నం
పది చన్నులూ ఒక్కొక్కటే తడిమింది,
చీకట్లో తలుపు గడియ వెతికినట్టు.
తర్వాత కలం తీసి అడిగింది:
"తల్లికి ఉందా?"

"ఉందండీ" అన్నాను వెంటనే.
ఆమె రాసుకోబోతుంటే అర్థమైంది,
అడిగింది కుక్క తల్లి గురించి.

మల్కాపురంలో సింహాద్రప్పడి ఇల్లు.
పోర్టులో టాలీ గుమాస్తాగా దిగిపోయాక
కుక్కపిల్లల్ని అమ్ముతున్నాడు.
ఓడల సరుకు రాసినట్టే ఈతలూ రాసుకున్నాడు:
తేదీ, మగవి, ఆడవి, ఎవరు పట్టుకెళ్లారు, బాకీ ఎంత.
"దీని తల్లా? పొట్ట కింద గెడ్డలొచ్చి పోయిందమ్మా.
దాని తల్లీ అలగే.
బొగ్గు దూళనుకున్నాను.
ఈ ఊల్లో ఆరేసిన గుడ్డే నల్లబడిపోతాది,
లోపలేటవుద్దో ఎవుడు సూశాడు?"
కాసేపాగి పుస్తకం నావైపు తిప్పాడు.
నాలుగు తరాలు, ఒకే చేతిరాత.
చావు రాయడానికి అందులో గడి లేదు.

కణంలో ఒక జన్యువు ఉంటుందట,
తెగిన పోగును తిరిగి కలిపి కుట్టేది.
పుట్టుకలోనే దాని సూది మొన విరిగి వస్తే
కుట్టు పడదట.
మనిషిలోనూ కుక్కలోనూ దానికి ఒకటే పేరట.
"ఉన్నంతమాత్రాన వచ్చి తీరాలని లేదు" అని కూడా
డాక్టరమ్మ అంది.
ఆ మాట నేను సరిగ్గా వినలేదు.

అదే ఈతలో తేగ కాక ఆడవి రెండు.
ఒకటి పెదజాలరిపేటలో, దాలెమ్మ వలల మీద
ఒళ్లంతా చేపపొలుసుతో పడుకుని ఉంది.
చెప్పగానే దాలెమ్మ దాన్ని వెల్లకిలా వేసి
ఉప్పుకి పగిలిన వేళ్లతో తడిమింది.
"నేదు" అంది.
మళ్లీ తడిమి, "నేదు."
రెండోది కంచరపాలెం రైల్వే క్వార్టర్లలో.
పాత్రో గారు తలుపు సగమే తీసి
"మా దానికేం, మారాణిలా ఉంది" అన్నారు.
సందు చివరిదాకా వచ్చేశాక
వెనక నుంచి కేకేశారు:
"ఎక్కడ చూడాలన్నారూ?"

మంగళవారం తేగకి కోశారు.
పదిలో ఇప్పుడు ఎనిమిది.
కుట్లు నాకకుండా నా పాత జాకెట్టు తొడిగాను,
హుక్కులు వీపు మీదికి వచ్చేలా.

కుక్క అక్కచెల్లెళ్ల కోసం
మూడు రోజులు బస్సులు మారి ఊరంతా తిరిగాను.
గాజువాకలో ఉన్న నా చెల్లెలు వరహాలుకి
ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.
అమ్మ పోయేనాటికి దానికి పదమూడు.
జ్వరమని చెప్పాం.

ఫోనెత్తింది. వెనక కుక్కర్ కూత,
దాని కూతురు పన్నెండో ఎక్కం దగ్గర తడబడుతోంది.
"తేగ ఎలా ఉందక్కా?"
బాగుందన్నాను.
"దాని తల్లికి..." అని మొదలుపెట్టి,
ఆగి,
"మనమ్మకి" అన్నాను.