పలక మీద మూడు రోజులు

మార్కాపురంలో పుట్టినదాన్ని,
కాగితం మీద రాస్తే నాకు లెక్క తేలదు.
చట్రం బిగించక మునుపే అంచు విరిగిన పలకొకటి
కార్ఖానాలో అడిగి తెచ్చుకున్నా.
దాని మీద నిలువుగా రెండు గీతలు గీశా.
మూడు రోజులు, మూడు గళ్ళు.
మైపాడులో సముద్రం ఒడ్డున
రెండు గదులు, ఒంటి పొయ్యి, ఆరు కడుపులు.

మా అత్త సైదాబీకి షుగరు.
మరిది ఖాశింకి పప్పు వాసన లేందే ముద్ద దిగదు.
రిజ్వానా వంకాయ ముట్టదు.
చిన మస్తాను ఏదైనా తింటాడు, ఎప్పుడైనా తింటాడు,
వాడొక్కడికే నాలుగో గడి గీయాలి.
మా ఆయన ఏం తింటాడో
పద్నాలుగేళ్ళయినా చెప్పలేను.
"ఏదో ఒకటి చెయ్" అంటాడు.
ఏదో ఒకటి అనే కూర
ఏ సంతలోనూ దొరకదు.

మొదటి గడిలో దారి బువ్వ.
కలిపిన పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది, అందుకని
కాచి చల్లార్చిన పాలల్లో మెత్తటి అన్నం పిసికి
ఒక్క చెంచాడు పెరుగు వేసి మూత పెడతా.
పొదిలి దాటేటప్పటికి అది పాలన్నమే.
కందుకూరులో టీకి ఆగినప్పుడు
లోపల మెల్లగా పని మొదలై ఉంటుంది.
కావలి దాటాక ఏ వేపచెట్టు కిందో మూత తీసేసరికి
కమ్మటి పెరుగన్నం.
ఇంట్లో ఎవరూ నమ్మరు గానీ
కొన్ని వంటలు
మనం కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంటే
వాటంతటవే అవుతాయి.
అట్టాంటివి ఇంకో రెండు కావాలి నాకు.

రెండో గడిలో ముందు చాలా రాశా.
పొద్దున్నే దోసెలు, వాటికి ఎర్రకారం,
మధ్యాన్నం చేపల పులుసు, పుల్లటి మామిడికాయ వేసి.
రాసినంతసేపూ నోరూరింది.
తర్వాత చెయ్యి ఆగింది.
పిండి రుబ్బేదెవరు, చేప తోమేదెవరు,
వాళ్ళంతా అలల్లో కేకలు పెడుతుంటే
పొయ్యి దగ్గర నిలబడేదెవరు?
అన్నిటికీ ఒకటే జవాబు. ఆ జవాబుకి గాజులున్నాయి.
తడిగుడ్డ తీసుకుని
దోసెలు తుడిచా. పులుసు తుడిచా.
మామిడికాయ దగ్గర కొంచెం ఆలస్యమైంది.

ఇప్పుడక్కడ ఇట్టా ఉంది:
పొద్దున ఉగ్గాని, ఉల్లిపాయలు ఖాశిం తరుగుతాడు.
మధ్యాన్నం అన్నం, కందిపొడి, నెయ్యి, ఉడకేసిన గుడ్లు.
గుడ్లు ఒలిచేది మా ఆయన.
పలక మీద పేరు రాశా కాబట్టి కాదనలేడు.
అత్తకి జొన్నరొట్టెలు, కరకరలాడేట్టు ఇక్కడే కాల్చి
మూటగట్టినవి.

సరుకుల సంచి సర్దుతుంటే ఆమె గుమ్మంలోంచి అంది:
"ఉప్పు మర్చిపోబాక, అమ్మే."
"సముద్రం కాడికే గదత్తా పోయేది!"
అని నవ్వా. ఆమె నవ్వలా.
అరవై దాటినా సముద్రం చూడని మనిషి.
"నిజంగా అంత ఉప్పగా ఉంటదా?" అంది,
మన బోరునీళ్ళ కంటేనా అన్నట్టు.
ఉప్పు అరకిలో పెట్టా.
మంచినీళ్ళు రెండు క్యాన్లు కూడా.
అన్ని నీళ్ళ దగ్గరికి
నీళ్ళు మోసుకుపోయేది మేమే అయ్యుంటాం.

మూడో గడి ఖాళీగా పెట్టి పడుకున్నా.
తెల్లారి చూస్తే
అందులో చిన మస్తాను బలపంతో
ఎండ్రకాయ గీసి ఉన్నాడు,
గీత దాటి, పక్క గడిలోని గుడ్లమీదికి పాకుతూ.
"ఇదేందిరా?" అంటే
"ఆఖర్రోజుకి" అన్నాడు.
అత్త కళ్ళజోడు తెచ్చుకుని చూసింది.
"దీన్నెట్టా వండుతారో మనకి తెలీదు గదే."
నాకూ తెలీదు.
"అక్కడ ఎవర్నన్నా అడుగుదాంలే అత్తా."
"అడిగితే చెప్తారా?"
"వాళ్ళకి ఉగ్గాని పెట్టి అడుగుదాం."

తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.
దాన్ని దండెం మీద ఆరేసి,
బొమ్మ మీద పాత పేపరు పరిచి,
పలకని చీరల మధ్య పెట్టి
సంచి మూతి కట్టా.