మూడో సిగ్నీ

మొదటిరోజు "సైన్" అని పిలిచాను.
ఎవరూ లేవలేదు.
కాగితం మళ్లీ చూసి "సిగ్న్" అన్నాను, గొంతు కాస్త పెంచి.
కిటికీ పక్క కుర్చీలో ఊలు అల్లుతున్నావిడ
సూదులు ఆపకుండానే అంది:
"సిగ్-నీ. చివరి అక్షరం మింగేస్తే
నా పేరులో కొత్తదనం పోతుందమ్మాయ్."

డులూత్‌లో ఫిబ్రవరి. సరస్సు అంచులు గడ్డకట్టి
ఇనప ఖనిజం మోసే ఓడలు రేవులో కదలకుండా పడున్నాయి.
రక్తం తీయడం నా పని.
సూది గుచ్చేముందు ప్రతిసారీ అడగాలి: పేరు, పుట్టిన తేదీ.
ఎదురుగా ఉన్నదెవరో తెలిసినా అడగాలి.
నీలంగా, నూలుపోగంత నరం, వేలికింద జారిపోతూ.
"సిగ్ అంటే గెలుపు, నీ అంటే కొత్త"
అది దొరికేలోపు చెప్పింది.
నాకు సిగ్గు గుర్తొచ్చింది. సిగ్గు నీదే, అని వినబడుతుంది
మా భాషలో, అన్నాను.
పడీపడీ నవ్వి చెయ్యి కదిపేసింది.
మళ్లీ గుచ్చాల్సి వచ్చింది.

మా కంప్యూటర్‌లో ఆ పేరు పక్కన పసుపు గుర్తు వెలుగుతుంది:
ఇదే పేరుతో ఇంకొకరున్నారు, జాగ్రత్త.
ఒకామె కొండ మీది వీధుల్లో బడి బస్సు నడుపుతుంది,
ఇంటిపేరు బెర్గ్‌క్విస్ట్, వాళ్ల తాతలది స్వీడన్,
"సిగ్నె" అంటుంది పొట్టిగా, తలుపు మూసినట్టు.
ఒకతెకు నాలుగేళ్లు.
పేరడిగితే నాలుగు వేళ్లు చూపిస్తుంది.
ఒకామె ఫైలు మూసేశారు. ఓడలో వంటమనిషట,
తుఫానులో ఓడ పక్కకి ఒరిగినా
ఏలకుల రొట్టె పొంగకుండా ఉండేది కాదని
రేవులో ముసలాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.
ఆ పేరుతో ఒక చేపల పడవ కూడా ఉంది.
దానికి రక్తపరీక్ష అక్కర్లేదు.

మార్చిలోనో, ఏప్రిల్‌లోనో, మంచు బురదైన రోజు
పుట్టిన తేదీ అడిగితే
"ఏ సిగ్నీది?" అంది.

తనకు ముందు ఇద్దరట.
ఒకతె పదకొండు రోజులు.
ఇంకొకతె కోరింత దగ్గుతో, రెండో చలికాలం దాటలేదు.
"అదే చర్చి, అదే తెల్లగౌను, అదే పేరు.
మళ్లీనా, అన్నారట పాదిరిగారు.
మళ్లీనే, అన్నాడట మా నాన్న.
చిన్నప్పుడు ఆదివారాలు
నా పేరు చెక్కిన రాయి మీద కూర్చుని
ఆపిల్ తినేదాన్ని."

గొట్టాలకు లేబుళ్లు అంటిస్తున్నదాన్ని ఆగిపోయాను.

మా అమ్మమ్మ అక్క పేరు తవిటమ్మ.
ముందు పుట్టినవాళ్లు దక్కలేదని
పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పొరుగావిడ చేతికిచ్చి,
సోలెడు తవుడు కొలిచి కొనుక్కున్నారు.
చావొచ్చి వాకిట్లో ఆరాతీస్తే
ఇక్కడ తవుడు తప్ప ఏమీ లేదని చెప్పడానికి.
మేం పిల్లని పేరు వెనక దాచుకున్నాం.
వీళ్లు పోయిన పేరునే మళ్లీ గుమ్మంలో నిలబెట్టారు,
తీసుకో చూద్దాం అన్నట్టు.
ఏది ధైర్యమో నాకు తెలీదు.
తవిటమ్మ మాత్రం ఎనభై ఆరేళ్లు బతికింది,
చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ కాలుస్తూ.

చెప్పాను. నిప్పు నోట్లోనా, అని రెండుసార్లు అడిగింది.
చేట అంటే ఏంటంది.
ఖాళీ చేతులతో చెరిగి చూపించాను,
చేతి తొడుగులు టపటపలాడాయి.
"తవిటమ్మ" అని పలికి చూసుకుంది,
ట దగ్గర నాలుక తడబడింది కానీ
చివరి అక్షరం మింగలేదు.

ఇవాళ మళ్లీ వచ్చింది. రేవులో మొదటి ఓడ కూత వేసింది,
గదిలో అందరూ ఒక్కసారి కిటికీ వైపు తిరిగారు.
పేరు?
సిగ్నీ టోలెఫ్‌సన్.
తేదీ?
చెప్పింది. తర్వాత, స్లీవు పైకి మడుస్తూ,
"వాళ్లవి కూడా చెప్పనా?"

బయట ఆరుగురు కాచుకునున్నారు.
చెప్పమన్నాను.